మోకాటి కీలు మార్పిడి: పిమ్మట చేయవలసిన వ్యాయామ చికిత్స

గుజరాతు రాష్ట్రమున సూరత్ నగరమునకు దక్షిణపు దిక్కున, బొంబాయి పోవు రైలుమార్గముపై ఉధనా, సచిన్ స్టేషనుల నడుమ భేస్తాన్ అను ప్రాంతము గలదు. సూరత్ నగరము మరమగ్గములకు ప్రసిద్ధి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి బ్రతుకుదెరువు వెదకికొనుచు వచ్చిన తెలుగు పద్మశాలీలు లింబాయత్, ఉధనా మొదలగు పేటలందును, వాటి పరిసరములందును అనేక దశాబ్దములుగా స్థిరపడియున్నారు. నగరపాలక సంస్థవారు నడుపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమము సయితము ఉన్నదనిన ఆ జనసంఖ్య ఎంతటిదో ఊహింపవచ్చును.

ఈ శ్రమజీవులలో వయస్సు మీరినకొలది ఒక బాధ తరచుగా వినవచ్చుచుండును. అది మోకాళ్ళ నొప్పి. పండ్రెండు గంటల షిఫ్టు నిలుచుండి మగ్గములు చూచుకొనిన మగవారికిని, ఇంటనే నేలపై కూర్చుండి చీరెలకు రాళ్ళు అతికించి, లేసు కుట్టిన ఆడువారికిని ఇది తెలిసిన బాధయే. మందులతోను, వ్యాయామముతోను ఉపశమింపని స్థితికి వచ్చినపుడు వైద్యులు కొందరికి కీలు మార్పిడి శస్త్రచికిత్సను సూచింతురు. ఆ చికిత్స సాధారణముగా ఒకటి రెండు గంటలలో ముగియును. కాని రోగి మరల చక్కగా నడచుట ఆ రెండు గంటలపై మాత్రమే ఆధారపడి యుండదు. పిమ్మటి మూడు మాసములలో రోగియు, అతని ఇంటివారును ఏమి చేయుదురో, ఏమి చేయక మానుదురో దానిపై సగము ఫలితము ఆధారపడును. ఈ సగమును గూర్చి తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కీలు అరుగుట యనగా నేమి?

మోకాటియందు తొడయెముక క్రింది కొనయు, పిక్కయెముక పై కొనయు కలిసికొనును. ఈ కొనలపై నున్నగా, తెల్లగా మెరయు మృదులాస్థి పొర యుండును. బండి ఇరుసునకు కందెన ఎట్లో కీలునకు ఈ పొర అట్లు. వయస్సుచేతను, స్థూలకాయముచేతను, పాత దెబ్బలచేతను, వంశానుగతముగను, ఏండ్ల తరబడి గొంతుకూర్చుండి లేచుట, బరువులు మోయుట మొదలగు పనులచేతను ఈ పొర పలుచనై, చిట్లి, తుదకు ఎముకకు ఎముక ఒరసికొనును. మోకాలు వాచును. కాలు దొడ్డిదారిన వంగును. మెట్లెక్కుట, నేలపైనుండి లేచుట దుర్భరమగును. నొప్పికి వెరచి రోగి కదలుట తగ్గించును. కదలిక తగ్గినకొలది తొడ కండరములు క్షీణించును. కండరము క్షీణించినకొలది కీలుపై భారము మరింత పెరుగును. ఇది ఒక విషవలయము.

కొత్త కీలు ఎట్టిది?

కీలు మార్చుటయనగా మోకాలినంతయు తీసివేయుట అని అనేకులు భయపడుదురు. ఇది నిజము కాదు. వైద్యుడు అరిగిన ఎముక కొనలను కొన్ని మిల్లీమీటర్ల మేర మాత్రమే చెక్కి, తొడయెముకకు లోహపు తొడుగును, పిక్కయెముకపై లోహపు పలకను అమర్చి, రెంటికి నడుమ పాలిథిలీన్ అను గట్టి ప్లాస్టిక్ బిళ్ళను ఉంచును. చుట్టునున్న కండరములు, నరములు, ప్రక్క స్నాయువులు రోగివే. వాటిని బలపరచుట ఏ లోహమునకును చేతకాదు. అది వ్యాయామము వలననే కావలెను.

ఈ విద్య చాల కాలము నాటిది కాదు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రియందు సర్ జాన్ ఛార్న్‌లీ అను వైద్యుడు మొదట టెఫ్లాన్‌తో తుంటి కీళ్ళను అమర్చెను. అవి త్వరగా అరిగిపోయెను. నిరుత్సాహపడక 1962 నవంబరులో ఆయన పాలిథిలీన్‌ను వాడి కృతార్థుడయ్యెను. నేటి మోకాటి కీళ్ళకు మూలమైన నమూనాను న్యూయార్కులో జాన్ ఇన్సాల్, ఆయన సహచరులు 1974లో వాడుకలోనికి తెచ్చిరి. 2019లో లాన్సెట్ అను వైద్య పత్రికలో ప్రకటితమైన పరిశీలన ప్రకారము, పూర్తిగా మార్చిన మోకాటి కీళ్ళలో నూటికి సుమారు 82 కీళ్ళు 25 ఏండ్ల వరకును నిలుచును.

మన దేశమున ఈ కీళ్ళ వెల సామాన్యులకు అందనంతగా ఉండుటచే, 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ వాటికి గరిష్ఠ ధరలను నిర్ణయించెను. ఎక్కువగా వాడబడు కోబాల్టు క్రోమియం కీలునకు ఆనాడు విధించిన హద్దు, పన్నులు గాక, 54,720 రూపాయలు. శస్త్రచికిత్సకు పూనుకొనువారు తమ ఆయుష్మాన్ కార్డు ఆ చికిత్సకు, ఆ ఆసుపత్రిలో చెల్లునా యని ముందుగానే విచారించి తెలిసికొనవలెను.

శస్త్రచికిత్సకు ముందే ఆరంభము

వ్యాయామ చికిత్స శస్త్రచికిత్స పిమ్మట ఆరంభమగునని తలచుట పొరపాటు. తేదీ నిశ్చయమైన నాటినుండియే తొడ కండరములను బిగించు వ్యాయామమును అభ్యసించినవారు తరువాత సులభముగా లేచి నడువగలరు. మధుమేహము గలవారు రక్తములోని చక్కెరను అదుపులో ఉంచుకొనవలెను. ఏలయనగా, చక్కెర హెచ్చుగా నున్న దేహమున గాయము త్వరగా మానదు, చీము పట్టు అపాయము హెచ్చు. బీడీ, గుట్కా, తంబాకు అలవాటున్నవారు వాటిని మానవలెను. పొగాకు రక్తనాళములను కుదించి, గాయమునకు చేరవలసిన రక్తమును తగ్గించును. పుచ్చిన పళ్ళు, పుండ్లు ఉన్నయెడల ముందుగా చికిత్స చేయించుకొనవలెను.

ఆసుపత్రియందు మొదటి దినములు

పూర్వకాలమున పెద్ద శస్త్రచికిత్స జరిగినవానిని దినములకొలది మంచముపైనే ఉంచెడివారు. నేడు ఆ పద్ధతి మారినది. చికిత్స జరిగిన నాడే గాని, మరునాడు గాని రోగిని లేపి, వాకర్ పట్టించి నాలుగడుగులు వేయింతురు. ఇది కాఠిన్యము కాదు. కదలక పడియున్న కాలిలో రక్తము గడ్డకట్టును. ఊపిరితిత్తులలో కఫము నిలిచిపోవును. కండరము దినదినమును బలహీనమగును. కదలికయే వీటికి విరుగుడు.

సూరత్ నగరమున మజురా గేటు వద్ద నున్న నూతన సివిల్ ఆసుపత్రి ఆవరణముననే ప్రభుత్వ ఫిజియోథెరపీ కళాశాల గలదు. నగరపాలక సంస్థవారిది స్మిమెర్ ఆసుపత్రి. ఆసుపత్రి ఏదైనను, రోగి ఇంటికి బయలుదేరుటకు ముందు మూడు సంగతులు తెలిసికొనవలెను. ఏ వ్యాయామములు, ఎన్నిసార్లు చేయవలెను? మరల ఏ తేదీన చూపించుకొనవలెను? ఏ లక్షణము కనబడినచో తేదీకై వేచియుండక వెంటనే రావలెను?

ఇంటిలో చేయవలసిన వ్యాయామములు

వైద్యుడు వేరుగా చెప్పనియెడల, ఈ క్రింది వ్యాయామములను దినమునకు మూడు పర్యాయములు, ఒక్కొక్కటి పదిసార్లు చేయుట వాడుక.

మొదటిది మడమ కదలిక. వెల్లకిల పరుండి పాదమును తనవైపునకు లాగి, మరల ముందునకు చాపవలెను. ఇది పిక్కలోని రక్తమును గుండెవైపునకు నెట్టును. మేలుకొని యున్నంతసేపు గంట కొకసారి చేసినను మంచిదే.

రెండవది తొడ బిగింపు. కాలు చాపి, మోకాటి వెనుకభాగమును పరుపునకు అదిమి, తొడను బిగించి, అయిదు లెక్కించువరకు నిలిపి వదలవలెను.

మూడవది కాలు చక్కజేయుట. మడమ క్రింద చుట్టిన తువాలు ఉంచి, మోకాటి క్రింద ఏ ఆధారమును లేకుండ, కాలు తన బరువునకే చక్కబడునట్లు అయిదు పది నిమిషములు విడువవలెను.

నాలుగవది మడమ జరుపుట. పరుపుపై మడమను ఆనించి, మెల్లమెల్లగా పిరుదులవైపునకు లాగికొనుచు మోకాలిని వంచవలెను. వంగినంత వంచి కొన్ని క్షణములు నిలుపవలెను.

అయిదవది కాలెత్తుట. మోకాలిని వంచక, కాలిని మంచమునుండి జానెడెత్తు లేపి, నిలిపి, మెల్లగా దింపవలెను.

వ్యాయామమునకు అరగంట, ముప్పావుగంట ముందు వైద్యుడు వ్రాసియిచ్చిన నొప్పి మాత్రను పుచ్చుకొనుట మేలు. పిమ్మట మంచుగడ్డలను గుడ్డలో చుట్టి, 15 లేక 20 నిమిషములు మోకాటిపై ఉంచిన వాపు తగ్గును. మంచును ఒంటికి నేరుగా తగిలింపరాదు.

నడకయందు వాకర్ మొదట, కొన్ని వారములకు చేతికఱ్ఱ పిమ్మట. చేతికఱ్ఱను మార్చిన మోకాటి వైపు చేత గాక, మంచి కాలివైపు చేత పట్టవలెను. మెట్లెక్కునపుడు మంచి కాలు ముందు, దిగునపుడు చికిత్స పొందిన కాలు ముందు. పైకి మంచిది, క్రిందికి మెత్తనిది అని జ్ఞాపకముంచుకొనిన చాలును.

వంపు లెక్క

మోకాలు ఎంత వంగవలెను? కాలు నిటారుగా చాచిన స్థితిని సున్న డిగ్రీలనియు, కుర్చీలో కూర్చుండి పాదము నేల కానించినపుడు ఏర్పడు మూలమట్టపు వంపును 90 డిగ్రీలనియు లెక్కింతురు. చదునైన నేలపై నడచుటకు సుమారు 65, 70 డిగ్రీల వంపు కావలెను. మెట్లెక్కి దిగుటకు సుమారు 85 మొదలు 90 వరకును, కుర్చీనుండి చేయూత లేక లేచుటకు అంతకు కొంచెము హెచ్చును కావలెను. కావున రెండు వారములకు 90 డిగ్రీల దరి చేరుట, ఆరు మొదలు పండ్రెండు వారములలో 110 లేక 120 వరకు పోవుట సాధారణ లక్ష్యములు.

వంపు ఎంత ముఖ్యమో, కాలు పూర్తిగా చక్కబడుట అంతకంటె ముఖ్యము. చక్కబడని కాలు ఎల్లప్పుడును కుంటుచునే యుండును.

ఈ లెక్కలో కాలము ప్రధానము. గాయము మానునపుడు కీలులోపల మచ్చకణజాలము ఏర్పడును. మొదటి వారములలో అది మెత్తగా నుండి, కదిలించినకొలది సాగును. మాసములు గడచిన కొలది త్రాడువలె గట్టిపడును. ఆరు వారములు దాటినను మూలమట్టమునకు వంగని మోకాలిని వెంటనే శస్త్రవైద్యునకు చూపవలెను. అట్టివారికి మత్తు ఇచ్చి మోకాలిని వంచు ఉపాయము ఒకటి కలదు గాని, అది సుమారు మూడు మాసముల లోపలనే ఎక్కువ ఫలించును. నొప్పికి వెరచి, రేపు చేయుదము, ఎల్లుండి చేయుదము అని వాయిదా వేసినవారికి ఈ అవకాశమును చేజారును.

ఆప్యాయతవలని అపకారము

మన ఇండ్లలో రోగిపై ప్రేమ మెండు. కాని ఈ విషయమున ప్రేమయే కొన్నిసార్లు కీడు చేయును. అత్తకు నొప్పియని కోడలు మోకాటి క్రింద మెత్తని దిండు పెట్టును. రోగికి హాయిగా నుండును, కాని కాలు వంగినట్లే బిగిసిపోవును. దిండు పెట్టదలచిన మడమ క్రింద పెట్టవలెను. తండ్రి లేచిన శ్రమపడునని కొడుకు నీళ్ళు, అన్నము మంచము కడకే తెచ్చియిచ్చును. ఆ శ్రమయే ఆయనకు మందు.

ఊరినుండి వచ్చిన బంధువులు నూనెతో మర్దన చేయుదుమందురు. పసుపు ముద్ద, ఆకుపసరు కట్టుదుమందురు. గాయముపై ఇవేవియు తగవు. కుట్లు సాధారణముగా 10 మొదలు 14 దినములలో తీయుదురు. అంతవరకు గాయమును పొడిగా ఉంచవలెను. మోకాలిని బలవంతముగా వంచి పిసుకుటయు, వాచిన పిక్కను మర్దించుటయు మిక్కిలి అపాయకరములు. పిక్కలో రక్తపుగడ్డ ఉన్నయెడల అది కదలి ఊపిరితిత్తులకు చేరవచ్చును.

మరియొక సంగతి. చికిత్స అయిన కొన్ని దినములకే స్వగ్రామమునకు పోయి విశ్రాంతి తీసికొనవలెనని అనేకులు కోరుదురు. సూరత్ నుండి వరంగల్లునకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సులో చాల గంటల ప్రయాణము. అంతసేపు కాలు కదపక కూర్చుండుట మంచిది కాదు. పైగా ఊరిలో వ్యాయామము చేయించువారు ఉందురో లేరో. కావున తొలి వారములలో ప్రయాణము మానుకొనవలెను. తప్పనిసరియైనచో వైద్యుని అడిగి, క్రింది బెర్తు తీసికొని, మడమ కదలికను మరువక పోవలెను.

భాష అడ్డు కారాదు

భేస్తాన్ వంటి చోట్ల తెలుగు వృద్ధులకు మరియొక చిక్కు గలదు. ఆసుపత్రిలో వ్యాయామము నేర్పువారు గుజరాతీలోనో హిందీలోనో మాటలాడుదురు. కార్ఖానాకు పోయిన మగవారికి ఆ భాషలు వచ్చును. ఇంటనే యుండిన అవ్వకు రావు. ఆమె తలయూపి ఇంటికి వచ్చును గాని, చెప్పినది అర్థమై యుండదు. కొన్ని మాటలు తెలిసికొనిన చాల మేలు. గుజరాతీలో మోకాలిని ఘూంటణ్ అందురు. పగ్ వాళో అనగా కాలు వంచుము. సీధో కరో అనగా చక్కజేయుము. ఊంచో కరో అనగా పైకెత్తుము. నొప్పి పుట్టుచున్నదని చెప్పుటకు దుఖే ఛే అనవలెను. వాపును సోజో అనియు, జ్వరమును తావ్ అనియు అందురు.

చదువుకొనుచున్న మనుమడినో మనుమరాలినో వెంట తీసికొనిపోయి, చెప్పిన వ్యాయామములను తెలుగులో వ్రాయించి, గోడకు అంటించుకొనుట ఉత్తమము. ప్రతిదినము చేసిన దానికి ఎదుట ఒక గీత గీయుచుండవలెను. ఈ కాగితమును మరుసటిమారు చికిత్సకునకు చూపిన, ఆతడు రోగి స్థితిని సులభముగా గ్రహించును.

ఇల్లు సరిచేసికొనుట

మార్చిన కీలునకు నేలపై కూర్చుండు అలవాటు పొసగదు. గొంతుకూర్చుండుట, బాసిపట్టు వేయుట పెక్కుమందికి సాధ్యపడవు. సాధ్యపడినను తరచుగా చేయవలదని వైద్యులు చెప్పుదురు. కావున ఇంటిలో చేతులున్న కుర్చీ, మోకాటికంటె ఎత్తైన మంచము కావలెను. మరుగుదొడ్డి నేలమట్టముగా నున్నయెడల దానిపై ఉంచు కమోడు కుర్చీని కొనవచ్చును. స్నానము ఎత్తుపీటపై కూర్చుండి చేయవలెను. కత్తిపీటకు బదులు బల్లపై చాకుతో కూరలు తరుగుకొనవచ్చును. దేవుని పూజయు కుర్చీలో కూర్చుండియే చేసికొనవచ్చును. జారు చాపలు, కాలికి తగులు తీగలు తీసివేయవలెను. రాత్రి మరుగుదొడ్డికి పోవు దారిలో దీపము ఉండవలెను. ఇరుకు మెట్లుగల మేడగదిలో నివసించువారు వీలైనంతవరకు తొలి వారములు క్రింది గదిలో ఉండుట మంచిది.

అపాయ సూచనలు

కొన్ని వారములు వాపు, వెచ్చదనము, రాత్రివేళ నొప్పి ఉండుట సహజము. గాయము ప్రక్క చర్మము తిమ్మిరిగా నుండుటయు సహజమే. కాని చలిజ్వరము వచ్చినను, గాయమునుండి చీము, నీరు కారినను, ఎఱ్ఱదనము వ్యాపించినను, తగ్గుచున్న నొప్పి మరల హెచ్చినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పిక్క గట్టిపడి, వాచి, నొప్పి పుట్టినచో రక్తము గడ్డకట్టినదేమో యని అనుమానింపవలెను. అకస్మాత్తుగా ఆయాసము, రొమ్మునొప్పి కలిగిన క్షణమైన జాగు చేయక 108కి ఫోను చేయవలెను. 2005లో హైదరాబాదున ఆరంభమైన ఈ ఉచిత అంబులెన్సు సేవ 2007లో గుజరాతునకు వచ్చినది. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చిన మందులను తమంతట తాము మానరాదు.

తుంటి కీలు మార్చుకొనినవారి నియమములు కొంత వేరు. కీలు తొలగిపోకుండుటకై కొన్ని వారములు తుంటిని మూలమట్టమునకు మించి వంచరాదని, కాలుపై కాలు వేసికొనరాదని వైద్యులు తరచుగా చెప్పుదురు. వారు తమ శస్త్రవైద్యుడు చెప్పిన హద్దులనే పాటింపవలెను.

పనికి తిరిగి పోవుట

కూలి దినములు పోవుచుండగా ఇంట కూర్చుండుట బీద కుటుంబమునకు ఎంత కష్టమో ఎవరును చెప్పనక్కరలేదు. ఆసుపత్రికి పోవుటకు ఆటో ఖర్చు, తోడు వచ్చువాని ఒకనాటి కూలి కూడ లెక్కకు వచ్చును. ఈ కారణముననే అనేకులు రెండు మూడు పర్యాయములు పోయి, ఆపై మానివేయుదురు. కాని బిగిసిపోయిన మోకాలు శస్త్రచికిత్సకైన ఖర్చును, పోయిన కూలిని, మున్ముందు రావలసిన కూలిని కూడ మ్రింగివేయును. దూరము చాల ఎక్కువైనచో చికిత్సకునకు ఆ సంగతి దాచక చెప్పి, తప్పనిసరిగా రావలసిన తేదీలను మాత్రము నిర్ణయించుకొని, మిగిలిన దినములలో ఇంటనే క్రమము తప్పక చేయవలెను.

కూర్చుండి చేయు పనులకు పెక్కుమంది ఆరు వారముల ప్రాంతమున పోగలుగుదురు. మగ్గముల నడుమ నిలుచుండి తిరుగు పనికి సుమారు మూడు మాసములు పట్టును. బీములు, గుడ్డ తాకాలు మోయు పని మార్చిన మోకాటికి తగదు. యజమానిని అడిగి తేలికపనికి మారుట మేలు. మధ్యమధ్య కూర్చుండుటకు ఒక ఎత్తుపీట దొరికినను ఎంతో ఉపకారము. బలము ఒక సంవత్సరము వరకు క్రమక్రమముగా పెరుగుచునే యుండును. కావున మూడవ మాసమున కుంటు మిగిలినదని నిరాశపడరాదు, నొప్పి పోయినదని వ్యాయామమును విడువరాదు.

నేతగాని ఇంట పుట్టినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పడుగు ఎంత మంచిదైనను పేక పడనిదే గుడ్డ కాదు. శస్త్రవైద్యుడు పడుగును అమర్చి ఇచ్చును. దినమునకు మూడుమార్లు, వారముల తరబడి, నొప్పిని ఓర్చుకొని పేకను నేయవలసినవాడు రోగియే. ప్రక్కన నిలిచి లెక్కపెట్టి ప్రోత్సహింపవలసినవారు ఇంటివారు.